తల్లి క్యాసెట్

పోయిన వారం మనం హేమావతిని పుట్టపర్తిలో ఒక బట్టల దుకాణం ముందు నిలబెట్టి వచ్చాం. ఆమె చేతిలో మరమగ్గం మీద నేసిన చీర ఒకటి ఉంది. పట్టు పేరు చెప్పి అమ్మే నైలాను రకం. అంచు నిండా చిలకలు. ఆ చిలకలను మొదట గీసింది ఆమె భర్త కుళ్లాయప్ప. ధర్మవరంలో ఆయన మగ్గం మీద మాత్రమే నేసి, వాళ్ల వీధి మొత్తానికీ పేరు తెచ్చిన అంచు అది. దాన్ని బయటివాళ్లకు ఇవ్వకూడదని వీధి కట్టుబాటు. అలాంటి అంచు ఊరూరా మరమగ్గాల చీరల మీద కనబడేసరికి, ఆశపడి అమ్ముకున్నది కుళ్లాయప్పేనని వీధి తీర్మానించింది. వీధి దేవత చౌడమ్మకు ఏటా జ్యోతి ఎత్తే వంతును వాళ్ల ఇంటి నుంచి తీసేసింది. ఆ నింద మోస్తూనే ఆయన పోయిన శ్రావణంలో మగ్గం గుంతలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు.

పట్టుచీరలు నేసే మనిషి వచ్చి నైలాను చీర కొంటుంటే దుకాణంవాడు నవ్వాడు. హేమావతి పట్టించుకోలేదు. అంచును వేలితో తడుముకుంటూ పోయి, ఒక చిలక మెడ దగ్గర ఆగిపోయింది. అక్కడేం చూసిందో చెప్పకుండానే నేను కలం మూశాను. అందుకు నన్ను తిట్టుకున్నవాళ్లు తిట్టుకునే ఉంటారు. న్యాయమే. ఇక దాచను.

బస్సు దిగి ఆమె ఇంటికి పోలేదు. వీధి చివర ఉన్న, కుళ్లాయప్పకు చిన్నాయన అయ్యే శ్రీరంగప్ప ఇంటికి పోయింది.

ఆ ఇంటి ముందు 'నాగలక్ష్మి ఎలక్ట్రానిక్స్' అనే బోర్డు ఇంకా వేలాడుతోంది. రంగు పోయింది, అక్షరాలు మాత్రం మిగిలాయి. నాగలక్ష్మమ్మ శ్రీరంగప్ప భార్య. భార్య పేరు మీద కంపెనీ పెట్టే మగవాళ్లు మన దేశంలో చాలామందే ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది భార్యకు ఇచ్చేది ఆ బోర్డు ఒక్కటే. శ్రీరంగప్ప అలాంటివాడు కాదు. తాళాల గుత్తి కూడా ఆమె చేతికే ఇచ్చాడు.

ముందు గదిలో అరల మీద ఆ కంపెనీ బతుకంతా వరుసగా పేర్చి ఉంది. మొట్టమొదటిది ఒక రేకు పెట్టె, స్టెబిలైజరు. బోరు మోటార్లన్నీ ఒక్కసారిగా తిరిగితే ఇళ్లలో బల్బు మిణుగురైపోయే ఊళ్లు మనవి. ఆ రోజుల్లో కుందుర్పి నుంచి కూడా జనం వచ్చి ఆ పెట్టెను సైకిలుకు కట్టుకుని పోయేవాళ్లు. దాని పక్కన దారం కండెలు చుట్టే చిన్న మోటారు. దాని పక్కన చౌడమ్మ గుడి మైకు కోసం చేసిన టేప్ రికార్డరు. ఆ తర్వాతదే మన కథకు ముడిపడిన వస్తువు, క్యాసెట్ పెట్టె.

మగ్గం పైన జకార్డు ఉంటుంది. చిల్లులు పొడిచిన అట్టలు దాని మీద ఒకదాని వెంట ఒకటి తిరుగుతూ, ఏ దారం లేవాలో ఏది పడుకోవాలో చెబుతాయి. ఒక్క చీరకు ఆ అట్టల మోపు ఒక మనిషి ఎత్తలేనంత. ఆ మోపంతా ఒక క్యాసెట్టులో పట్టించవచ్చని శ్రీరంగప్పకు తోచింది. మొదట్లో అది నిజంగా పాటల క్యాసెట్టే. అట్టల చిల్లులను కీచుమనే చప్పుళ్లుగా మార్చి టేపు మీదికి ఎక్కించేవాడు. కుళ్లాయప్ప తల్లి బయమ్మ ఒకసారి భజన క్యాసెట్టనుకుని దాన్ని ఇంట్లో టేప్ రికార్డరులో పెట్టింది. ఆ కూతలు విని చెంబు అక్కడే పారేసి వీధిలోకి వచ్చేసింది. ఆ వీధి చాలా ఏళ్లు నవ్వుకున్న ముచ్చట అది. తర్వాత టేపు పోయి చిప్పు వచ్చింది. నేతగాళ్ల చేతికి అలవాటైంది కదా అని ఆ చిప్పును కూడా శ్రీరంగప్ప పాత క్యాసెట్ డబ్బాలోనే అమర్చాడు. పేరు అలాగే నిలిచింది.

ఆ క్యాసెట్టుకు ఒక తాళం పెట్టాడు. కనబడే తాళం కాదు. ఏ మగ్గం కోసం నింపిన క్యాసెట్టు ఆ మగ్గం పెట్టెలోనే పలుకుతుంది, ఇంకో పెట్టెలో పెడితే నోరు విప్పదు. "నీ డిజైను నీ ఇల్లు దాటదు" అని చెప్పి ఇంటింటికీ ఇచ్చాడు. నేతగాళ్లు ఆ మాటను నమ్మి, తాతల నాటి అంచులు కూడా తెచ్చి ఆయన చేతిలో పెట్టారు.

ఆ తర్వాత బెంగళూరు కంపెనీ పెట్టె వచ్చింది. దానికి పెన్ డ్రైవు చాలు. చొక్కా జేబులో వేసుకుని పోవచ్చు, ఏ మగ్గానికైనా గుచ్చవచ్చు. శ్రీరంగప్ప కొడుకు ఉదయ్ కుమార్ మన పెట్టెకు కూడా పెన్ డ్రైవు సందు పెడదామన్నాడు. పెడితే ధర్మవరం అంచులన్నీ తెల్లారేసరికి పరాయి ఊళ్ల మరమగ్గాల మీద ఉంటాయని తండ్రి. పెట్టకపోతే కంపెనీయే ఉండదని కొడుకు. ఇద్దరూ చెప్పింది నిజమే, అదే ఆ ఇంటికి పట్టిన దరిద్రం. ఉదయ్ వెళ్లి ఆ బెంగళూరు కంపెనీలోనే చేరాడు. వీధిలో ఒక్కొక్క ఇల్లూ పెన్ డ్రైవుకు మారింది. నాగలక్ష్మి ఎలక్ట్రానిక్స్ మూతబడింది. తండ్రీ కొడుకుల మధ్య మాటలు ఆగిపోయాయి. చివరిదాకా క్యాసెట్టును వదలనివాడు కుళ్లాయప్ప ఒక్కడే. "చిన్నాయన మాటిచ్చినాడు, నేనూ ఇచ్చినా" అనేవాడు.

హేమావతి గడప దాటేసరికి శ్రీరంగప్ప కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గుండె ఆపరేషను అయినప్పటి నుంచీ ఆయన ఎక్కువగా అక్కడే కూర్చుంటున్నాడు.

"రామ్మా. యాడికి పోయింటివి, ముఖమంతా దుమ్ము ఉండాది."

ఆమె సంచిలో నుంచి చీర తీసి ఆయన ముందున్న బల్ల మీద పరిచింది. ఆ బల్ల మీద ఒకప్పుడు సోల్డరింగు పొగ లేచేది. ఇప్పుడు మందుల డబ్బాలు ఉన్నాయి.

శ్రీరంగప్ప చీరను చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "దీన్ని ఈడికి యాలకు తెచ్చినావు? దీన్ని చూసి చూసే గదా మా కుళ్లాయప్ప పాయె."

"చిలక మెడ చూడు మామా."

"ఏముండాది దాంట్లో?"

"చూసి నువ్వే చెప్పు."

ఆయన సొరుగులో నుంచి భూతద్దం తీశాడు. వైర్లు అతికేటప్పుడు వాడిన అద్దం, పిడికి బట్ట చుట్టి ఉంది. చీర మీద పెట్టి వంగాడు. చిలక మెడ పచ్చగా ఉంది. ఆ పచ్చ మధ్యలో ఒక చుక్క, జరీ చుక్క. తల వెంట్రుకంత పోగు, ఉండకూడని చోట పైకి లేచి మెరుస్తోంది.

ఆయనకు వెంటనే గుర్తొచ్చింది. గుర్తు రాకపోతే బాగుండేదేమో కానీ, వచ్చింది.

కుళ్లాయప్ప చిలక అంచు అట్టలను క్యాసెట్టులోకి ఎక్కించింది ఈ గదిలోనే. అట్టల కింద దీపం పెట్టి, చిల్లులో నుంచి వెలుగు వస్తే దారం లేవాలని, రాకపోతే వద్దని లెక్క. ఒక అట్టను పురుగు కొరికింది. మగ్గం సూది దూరనంత చిన్న కన్నం. కానీ వెలుగు దూరింది. అట్టలతో నేస్తే పడని చుక్క, క్యాసెట్టులోకి ఎక్కేసరికి చిలక మెడలో పడింది. మొదటి చీర నేసి గుడికి ఇచ్చాక గానీ అది ఎవరికీ తెలియలేదు. కొత్త అంచు మొదటి చీర చౌడమ్మకు కట్టడం ఆ వీధి ఆచారం. అప్పటికే దాన్ని అమ్మకు కట్టేశారు.

"మళ్లీ ఎక్కించి చుక్క తీసేస్తా అన్నా గదమ్మా," అన్నాడు శ్రీరంగప్ప నెమ్మదిగా. "మావాడే వద్దన్నాడు. అమ్మ ఒంటి మీదికి పోయిన దాన్ని తుడిచేకి మనమెవరం చిన్నాయనా అన్నాడు. దిష్టి చుక్క మాదిరి క్యాసెట్టులో ఉండనీలే అన్నాడు."

"క్యాసెట్టులో ఉండనిచ్చినాడు. చీరలోకి రానిచ్చినాడా?"

శ్రీరంగప్ప తలెత్తాడు.

"చిలక వచ్చినప్పుడల్లా ఆయన చెయ్యి అంచు మీదికి పోయేది," అంది హేమావతి. "ఆ పోగును వేలితో అట్ల కిందికి నొక్కి, అప్పుడు అడ్డపోగుతో నాడె ఇసిరేది. ప్రతి చిలకకూ అంతే. నేను పక్కన కండెలు చుడతా చూస్తాంటి. మగ్గం చప్పుడు ఆడ రవ్వంత ఆగేది. ఆ సందు చూసుకొనే నేను పొయ్యికాడికి లేసేదాన్ని. ఆయన పోయినంక నేను కూర్చుంటే నా చెయ్యీ దానంతటదే ఆడికి పోతాండాది. ఆయన నేసిన ఏ చీరలోనూ ఈ చుక్క ల్యా మామా. నేను నేసిన దాంట్లోనూ ల్యా."

"అమ్మ చీర..."

"చిత్రావతిలో ఇడిసేకి తీసుకపోతిమి. ఏట్లో నీళ్లు ల్యాకపోతే ఇసకలో పూడ్చినారు. పార పట్టింది నువ్వే గదా."

ఆయన తల ఊపాడు.

"అట్టలు నా ఇంట్లో అటక మీద ఉండాయి. వాటితో నేస్తే చుక్క పడదు. చీర చూసి గీసుకొన్యారంటే, చీరలో చుక్క ల్యా. ఇంక ఇది మరమగ్గానికి యాడనుంచి పోయింది?"

శ్రీరంగప్పకు జవాబు తెలుసు. మరమగ్గానికి చెయ్యి ఉండదు. క్యాసెట్టులో ఏముంటే అదే నేస్తుంది.

"నా ఇంట్లో క్యాసెట్టు నా పెట్టెలో తప్ప పలకదని నువ్వే చెప్తివి," అంది హేమావతి. "ఇంగొక క్యాసెట్టు ఉండాది గదా నీకాడ. తాళం ల్యానిది."

ఉంది. నేతగాళ్ల క్యాసెట్టు ఎప్పుడైనా చెడిపోతే మళ్లీ నింపివ్వడానికి, ప్రతి అంచుకూ ఒక అసలు క్యాసెట్టును శ్రీరంగప్ప తన దగ్గర పెట్టుకున్నాడు. వాటిని తల్లి క్యాసెట్లు అనేవాళ్లు. వాటికి తాళం లేదు. బీరువాకు మాత్రం ఉంది.

ఆయన లేచాడు. హేమావతి పట్టుకోబోతే వద్దన్నాడు. గోడ పట్టుకుని లోపలి గదిలోకి పోయి, భార్యను పిలిచి బీరువా తెరిపించి, ఒక క్యాసెట్టు పట్టుకుని వచ్చాడు. దాని మీద తన చేతిరాతతో 'చిలక - కుళ్లాయప్ప' అని ఉంది. బల్ల కింద నుంచి పాత పెట్టెను లాగి, కంప్యూటరు తెరకు వైరు తగిలించి, క్యాసెట్టు లోపలికి తోశాడు. టక్కుమంది. ఆ చప్పుడు విన్నాక ఆయన ముఖంలో రవ్వంత గర్వం వచ్చి పోయింది. ఇన్నేళ్లయినా పలుకుతోంది కదా అనుకున్నాడేమో. తెర మీద చిలకలు ఒక్కొక్కటీ కిందికి జరిగాయి. ఒక చిలక మెడ దగ్గర ఆయనే ఆపాడు.

చుక్క అక్కడే ఉంది.

శ్రీరంగప్ప కుర్చీలో కూలబడ్డాడు. ఈ మనిషిని చూస్తే నాకు జాలేస్తుంది. ఒక్క మాట కోసం కంపెనీ పోగొట్టుకున్నాడు, కొడుకును పోగొట్టుకున్నాడు. పోనీలే, మాటైనా దక్కిందని ఈ కిటికీ పక్కన కూర్చుని సర్దుకున్నాడు. ఆ మాట కూడా ఎప్పుడో పోయిందని, అదీ తన ఇంట్లో నుంచే పోయిందని ఇప్పుడు తెలిసింది.

"నా బీరువాలో నుంచే పోయింది," అన్నాడు. "నా క్యాసెట్టే. పెన్ డ్రైవును దొంగ అంటి. దొంగ నా ఇంట్లోనే ఉండె."

"ఎవరు మామా?"

"తాళం..." అని ఆగిపోయాడు.

వంటింటి గడప దగ్గర నాగలక్ష్మమ్మ మజ్జిగ గ్లాసులతో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో వాళ్లిద్దరూ చూడలేదు. ఆమె వచ్చి ఒక గ్లాసు హేమావతి ముందు పెట్టింది, ఒకటి భర్త ముందు పెట్టింది. చీర కొసను మడిచి, కింద పడకుండా బల్ల మీదికి జరిపింది. మొలలో ఉన్న తాళాల గుత్తి తీసి ఆ చీర మీద పెట్టింది.

"తీసింది నేనే," అంది.

శ్రీరంగప్ప భార్య వైపు చూడలేదు. తెర మీది చిలకనే చూస్తున్నాడు.

"నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఉదయ్ వచ్చినాడు. నిన్ను చూసేకి వచ్చి, నీ ముందుకు రాల్యాక ఇంట్లో కూర్చొని ఏడ్చినాడు. అమ్మా, నాయన క్యాసెట్టును మా పెట్టె చదివేటట్టు చేస్తా, ఒక్క తల్లి క్యాసెట్టు ఇయ్యి, చూసి తెచ్చిస్తా అన్నాడు. మా పెట్టె దీన్ని చదివితే ఎవురూ క్యాసెట్లు పారేసే పని ఉండదు, నాయన కష్టం మట్టిలో కలవదు అన్నాడు. నాకు క్యాసెట్టు తెలీదు, పెన్ డ్రైవు తెలీదు. ఆ రెండూ ఒకటైతే ఇంట్లో ఇద్దరు మగోళ్లు మాట్లాడుకుంటారు గదా అనుకొంటి. చేతికి వచ్చిందిచ్చినా. అది చిలక అంచు అని కూడా చూడల్యా. మళ్లీ తెచ్చి ఇచ్చినాడు, బీరువాలో పెట్టేస్తి."

"తెచ్చి ఇచ్చినాడు," అన్నాడు శ్రీరంగప్ప. "క్యాసెట్టు తెచ్చి ఇస్తే ఏమొచ్చ. దాంట్లోది వాళ్ల పెన్ డ్రైవులోకి పోయినంక."

"నాకేం తెలుసు. గిన్నె ఇచ్చి గిన్నె తీసుకొన్నట్టు అనుకొంటి."

ఆమె గొంతులో తప్పించుకునే ధోరణి లేదు. ఏడవలేదు కూడా. హేమావతికి ఆమె మీద కోపం రావాలి. వస్తుందని ఎదురుచూసింది. పెళ్లై వచ్చిన కొత్తలో తనకు కండె చుట్టడం నేర్పిన మనిషి ముందు నిలబడి ఉంటే, ఆ కోపం సగం దారిలోనే ఆగిపోయింది.

"అత్తా," అంది, "ఆయనను వీధంతా దొంగ అనే పొద్దు నువ్వు ఈడనే ఉంటివి గదా. విని ఊరుకొంటివా?"

"అప్పటికి నాకు తెలీదు హేమావతీ. నీ మొగుడు వచ్చి చెప్పేదాకా తెలీదు."

హేమావతి చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టింది. "ఎవరు వచ్చి చెప్పేదాకా?"

నాగలక్ష్మమ్మ నేల మీద కూర్చుంది. నిలబడి చెప్పగలిగే మాట కాదది.

"పోయిన శ్రావణంలో. మీ మామ పండుకొని ఉండాడు. కుళ్లాయప్ప ఇట్లాంటి చీరే ఒకటి తెచ్చినాడు. చిన్నమ్మా, ఈ చుక్క నా ఇంట్లో నుంచి పోల్యా, మీ బీరువాలో నుంచి పోయింది, ఎవరికిచ్చినావు అన్నాడు. అప్పుడు తెలిసొచ్చ నాకు. కాళ్లు పట్టుకొంటి. మీ చిన్నాయన గుండె కోసి కుట్టినారు, నీ మాట పోయింది, నీ కొడుకే పోగొట్టినాడని ఆయనకు ఎట్ల చెప్పల్ల నాయనా అంటి. మజ్జిగిస్తే తాగినాడు."

"ఆయన ఏమన్నాడు?"

"వాళ్లు ఎట్లా అననే అన్యారు, నన్నే అనుకోనీలే చిన్నమ్మా అన్నాడు."

"ఇంకేమన్నాడు?"

"హేమావతికి మాత్రం తెలియగూడదు, ఆమె ఊరుకోదు అన్నాడు."

అప్పుడు వచ్చింది హేమావతికి కోపం. అది ఎదురుగా ఉన్న ఇద్దరి మీదా కాదు, పోయిన మనిషి మీద. ఆ రోజుల్లో ఆయన అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి వదిలేసేవాడు. వీధి మాటలు భరించలేకనే అనుకుంది. దొంగ కాదని నాకు తెలుసులే, ఎవరేమనుకుంటే ఏమని ఓదార్చింది. ఆయన విని ఊరుకున్నాడు. నిజం చేతిలో పెట్టుకుని, పక్కన పడుకున్న మనిషికి చెప్పకుండా ఊరుకున్నాడు.

"నాకు చెప్పింటే నేనూ రవ్వంత మోసింటా గదత్తా," అంది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఆ ఒక్క మాటతో బయటపడింది. నాగలక్ష్మమ్మ చెయ్యి చాచింది కానీ, ముట్టుకునే ధైర్యం చాలలేదు.

శ్రీరంగప్ప తెర ఆపేశాడు. క్యాసెట్టు బయటికి తీసి జేబులో పెట్టుకున్నాడు.

"శుక్రవారం జ్యోతుల దినం," అన్నాడు. "వీధంతా గుడికాడ ఉంటుంది. నేను వచ్చి చెప్తా. అంచు అమ్మింది నేనే, కంపెనీ మునిగిపోతాంటే ఆశపడి అమ్మినా, కుళ్లాయప్ప నిర్దోషి అని చెప్తా. నన్నేం చేస్తారు ఈ వయసులో."

నాగలక్ష్మమ్మ తలెత్తి చూసింది. "ఆ పొద్దే ఉదయ్ కూడా వస్తాండాడు. కొత్త పెట్టెలు ఇంటింటికీ ఇచ్చేకి పెద్దమనుషులే పిలిపించినారు."

"రానీ. వాని పేరు ఎత్తను. నీ పేరూ ఎత్తను."

హేమావతి కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ ముసలాయన ముఖంలో తన భర్త ముఖమే కనిపించింది. అదే మొండితనం, అదే చేతకాని మంచితనం. ఈ మగవాళ్లకు నిందలు మోయడం ఎంత తేలికగా వస్తుందో, మోసేవాళ్ల వెనక ఇంట్లో ఉండేవాళ్ల సంగతి అంత తేలికగా మర్చిపోతారు.

"వద్దు మామా. ఒక అబద్ధం మోసే ఆయన పాయె. ఇంగొక అబద్ధంతో ఆయన పేరు కడుక్కొనేది నాకొద్దు."

"ఇంగేం కావల్ల నీకు? చెప్పు."

"ఆయన అమ్మల్యా. ఆ మాట వీధి తనంతట తాను ఒప్పుకోవల్ల. అంతే. ఇంగేమీ వద్దు."

నైలాను చీర మడిచి సంచిలో పెట్టుకుంది. గడప దాటుతుంటే వెనక నుంచి నాగలక్ష్మమ్మ పిలిచింది.

"నేను చెప్పల్ల అంటే చెప్తా హేమావతీ. నువ్వు ఒక్క మాట అంటే చాలు."

హేమావతి ఆగింది. చెప్పమంటే ఆ తల్లి నిజంగానే గుడి ముందు నిలబడి కొడుకు పేరు చెబుతుంది. ముసలాయన వింటాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం మిగులుతుందో ఆలోచించడానికే భయమేసింది. చెప్పొద్దంటే కుళ్లాయప్ప ఎప్పటికీ దొంగే. ఊరుకోదు అన్నాడు కదా ఆయన. ఎంత బాగా తెలుసు తన సంగతి. తెలిసీ ఈ బరువు తన నెత్తిన వదిలిపెట్టి పోయాడు. జవాబు చెప్పకుండానే ఆమె వీధిలోకి దిగింది.

పొద్దు వాలుతోంది. ఇంట్లో దీపం వేసి మగ్గం గుంతలోకి దిగింది. మగ్గం మీద ఉన్నది కూలికి నేయమని ఎవరో ఇచ్చిన పడుగు పోగు కాదు. నింద పడ్డాక ఆ ఇంటికి పడుగు ఇచ్చినవాళ్లు లేరు. పట్టు తానే తెచ్చుకుని, అమ్మ కోసం నేస్తున్న చీర అది. జ్యోతుల రోజు ప్రతి ఇంటి నుంచీ ఒక చీర పోతుంది. గుడి ముందు తాడు మీద అన్నిటినీ ఆరవేస్తారు. నేతగాళ్లంతా దగ్గరికి వచ్చి, అంచు పట్టి చూసి, తప్పులు ఎంచుతారు. జ్యోతి వంతు తీసేశారు కానీ, అమ్మకు చీర తేవద్దని ఎవరూ అనలేకపోయారు.

కాలు కింద తొక్కుడుబద్ద పడింది. పైన క్యాసెట్టు పెట్టె కిర్రుమంది. ఆ వీధిలో ఇంకా పలుకుతున్న పెట్టె అదొక్కటే. నాడె అటు పోయింది, ఇటు వచ్చింది. మొదటి చిలకకు ముక్కు వచ్చింది, కన్ను వచ్చింది. మెడ మొదలైంది. పచ్చ పోగుల మధ్య నుంచి ఆ ఒక్క జరీ పోగు లేచింది.

ఆమె చెయ్యి అంచు మీదికి పోయింది. వేలు పోగుకు తగిలింది. ఎన్నేళ్లుగా ఆయన వేలు తగిలిన చోటు. నొక్కితే కిందికి పోతుంది. ఎవరికీ ఏమీ తెలియదు, ఆయన అడిగినట్టే. ఆ వేలు కిందే ఆయన నిజాన్ని అణిచిపెట్టుకుని పోయాడని అప్పుడు తట్టింది ఆమెకు.

చెయ్యి వెనక్కి తీసుకుంది. నాడె విసిరింది.

మగ్గం ఆగలేదు. ఆ ఇంట్లో చిలక దగ్గర మగ్గం ఆగకుండా నడవడం మొదటి చీర తర్వాత అదే. ఆమె ఎవరికీ ఏమీ చెప్పదు. శుక్రవారం తాడు మీద ఈ చీర వేలాడుతుంది. దాని పక్కన ఆ నైలాను చీరను కూడా వేస్తుంది. ఆ వీధిలో అందరూ నేతగాళ్లే. చుక్క చూడటం వచ్చినవాళ్లే. ఆయన నేసిన చీరల్లోనూ అట్టల్లోనూ లేని చుక్క, ఇంకో పెట్టెలో పలకని క్యాసెట్టు దాటి మరమగ్గానికి ఎలా పోయిందో వాళ్లే లెక్క కట్టుకుంటారు.

మెడ పూర్తయ్యాక అద్దం తీసుకుంది. చీర ముఖం కింది వైపు ఉంటుంది కాబట్టి, నేసింది ఎలా వచ్చిందో చూడాలంటే గుడ్డ కింద అద్దం పెట్టాల్సిందే. అద్దంలో చిలక కనబడింది. మెడలో బంగారు చుక్క. ఏడుస్తూనే చూసుకుంది దాన్ని.

గడప అవతల చెప్పులు విడిచిన చప్పుడైంది.

"చిలకకాడ మగ్గం ఆగల్యా ఏమి వదినా?"

ఆ గొంతు విని ఆమె వెంటనే తిరగలేదు. గుడ్డ కింది నుంచి అద్దం బయటికి తీసింది. వాకిట్లో ఉదయ్ కుమార్ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, భుజాన కంపెనీ బ్యాగు. శుక్రవారం రావాల్సినవాడు ముందే వచ్చాడు. కంపెనీ ఏదైనా కానీ, పుట్టింది ఈ వీధిలోనే కదా. మగ్గం ఎక్కడ ఆగాలో బయటి నుంచే విని చెప్పగలడు.

"ఆడ ఎందుకు ఆగేదో నీకు తెలుసునా అప్పా?" అంది హేమావతి.

ఉదయ్ గడప దాటి మగ్గం దగ్గరికి వచ్చాడు.

ఆమె అద్దం అతని చేతికిచ్చింది. చూడాలంటే గుంత అంచున మోకాళ్లు ఆనించి, తల నేలకు వంచాలి. అతను బ్యాగు కింద పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, అద్దాన్ని చీర కిందికి జరిపాడు. దీపం వెలుగు అద్దంలో పడి అతని ముఖం మీదికి వచ్చింది.

ఆ ముఖాన్నే చూస్తూ హేమావతి మగ్గం మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.